నాన్న చూచిన చౌమహల్లా

తార్నాకలో కాపురమున్నవాళ్ళకు ఒక చిక్కు వుంది. పై వూళ్ళనుంచి చుట్టాలు దిగుతారు. కాఫీ గ్లాసు కింద పెట్టకముందే, "చార్మినారెప్పుడు చూపిస్తారు?" అంటారు. ఏడాదికి అయిదారుసార్లయినా ఈ యాత్ర చేయించడం నా ఉద్యోగధర్మాలలో ఒకటైపోయింది. చార్మినారు, లాడ్ బజారులో గాజులు, మక్కా మసీదు పావురాలు, తిరుగుప్రయాణంలో తలనొప్పి. ఈ జాబితా మా వారికి కంఠోపాఠం. అందుకే ఆ రోజులలో ఆయనకు తప్పకుండా ఆఫీసులో పని తగులుతుంది.

మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఈ మాట అడగని మనిషి ఒక్క మా నాన్నే. ఆయన బడిపంతులుగా రిటైరై, అమ్మ పోయిన తర్వాత మా దగ్గరే వుంటున్నాడు. ఎనభై అయిదు దాటినా రోజూ తెల్లవారకముందే కర్ర పుచ్చుకుని యూనివర్సిటీ ఆవరణలోకి నడకకు బయలుదేరుతాడు. వెంట నేను. ఆర్ట్స్ కాలేజీ మెట్లదాకా వెళ్ళి, అక్కడ కాసేపు కూర్చుని, వెనక్కి రావడం మా నియమం. ఎం.ఏ. తెలుగు నేను చదివింది ఆ భవనంలోనే. నా అడ్మిషను నాడు ఆ మెట్లమీద నిలబడి ఆయన తలెత్తి చూచిన చూపు నాకు ఇంకా జ్ఞాపకం వుంది. కాని పాతబస్తీ మాట ఎత్తితే మాత్రం, "మీరు పోయి రాండ్రి. నాకు మోకాళ్ల నొప్పులు" అనేవాడు. ఆ మోకాళ్ళే రోజూ రెండు మైళ్ళు నడిచేవి. కారణం నాకు సగం తెలుసు, సగం తెలియదు.

1967లో చౌమహల్లాలో ఎనిమిదో నిజాముగా గద్దె కూర్చున్న ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో పోయారు. దేహాన్ని హైదరాబాదు తెచ్చి, జనం చూచేందుకు చౌమహల్లాలో వుంచి, మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు. టీవీలో వరుసలుకట్టిన జనాన్ని నాన్న కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎన్నో నెలలకు, ఒకనాటి నడకలో, ఏదో పాలప్యాకెట్ సంగతి చెప్పినంత తేలిగ్గా అన్నాడు: "ఆ మీర్ సాబుల ఇల్లు ఒకపారి సూపియ్యి బిడ్డా."

గుంపులో ఆయన నిలబడలేడు. మా విద్యార్థులతో వెళ్ళినప్పుడు నా అనుభవమూ అంతే. ముందున్నవాళ్ళ తలలు తప్ప షాండ్లియర్లు సరిగ్గా చూడలేదు. అందుకని తెలిసినవారి ద్వారా ఒక గైడును రోజంతటికీ మా కోసమే మాట్లాడుకున్నాను. శుక్రవారం సెలవు కనుక, రద్దీ తక్కువగా వుంటుందని ఒక బుధవారం ఎంచుకున్నాము. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, "బడి పోతే పోయింది, రోల్స్‌రాయిస్ చూడాలి" అని వెంటబడ్డాడు.

కారు యూనివర్సిటీ ఆవరణలోనుంచే పోనిచ్చాము. మీరెప్పుడయినా ఆ దారిన వస్తే ఆర్ట్స్ కాలేజీ ముందు ఒక్క నిమిషం ఆగండి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాను కాలంలో బెల్జియం శిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన నమూనామీద కట్టి, 1939 డిసెంబరు 4న తెరిచిన భవనమది. గులాబి ఛాయ రాయి. ముందునుంచి చూస్తే మసీదు ద్వారంలాంటి పెద్ద కమాను, స్తంభాల దగ్గరకు పోతే అజంతా, ఎల్లోరా జ్ఞాపకం వస్తాయి. 1918లో పుట్టిన ఈ యూనివర్సిటీలో 1948దాకా చదువంతా ఉర్దూలోనే. అయినా తెలుగు శాఖ మొదటినుంచీ వుంది. రాయప్రోలు సుబ్బారావుగారు ఆ రోజులలోనే ఇక్కడ తెలుగు చెప్పారు. 1938లో వందేమాతరం పాడినందుకు హాస్టళ్ళనుంచీ తరగతులనుంచీ వెళ్ళగొట్టబడిన విద్యార్థులదీ ఈ యూనివర్సిటీయే. ఈ రెండూ ఒక్క వాక్యంలో చెప్పడం క్లాసులో నాకెప్పుడూ కష్టంగానే వుంటుంది.

విద్యానగరు, కాచిగూడ, కోఠీ దాటి అఫ్జల్‌గంజ్ చేరాము. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరుమీద వెలసిన బజారది. నయాపూల్ దాటగానే నాన్న కిటికీ అద్దం దించమన్నాడు. తర్వాత జరిగినదానికి నేను సిద్ధంగా లేను. పత్తర్‌గట్టీ దుకాణాలమీద ఉర్దూ బోర్డులను ఆయన ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టాడు. అత్తరు కొట్టు, బట్టల కొట్టు, మిఠాయి కొట్టు, అన్నీ కూడబలుక్కుంటూ, రెండో తరగతి పిల్లవాడిలాగ.

"తాతా, నీకు ఉర్దూ వచ్చా?" అన్నాడు మావాడు.

"మా వూరి బళ్లె చెప్పింది అదేనాయె. తెలుగు తర్వాత నేర్సుకున్న" అన్నాడు నాన్న.

నలభై ఏళ్ళుగా ఆయన కూతుర్ని. ఎం.ఏ. పుచ్చుకున్నాను. మా నాన్నకు మొదట వచ్చిన అక్షరాలు నాకు రాని అక్షరాలని ఆ రోజే తెలిసింది.

ఖిల్వత్ దగ్గర గైడు మాకోసం కనిపెట్టుకుని వున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పాతబస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. నాన్నను చూడగానే చేయి అందించి, "ఆహిస్తా, సాబ్. ఈ రోజు మొత్తం మనదే, తొందర లేదు" అన్నాడు. నాన్న ఉర్దూలో ఏదో జవాబు చెప్పాడు. అంతే, ఇద్దరూ ముందు, మేము వెనక.

ద్వారంమీద ఖిల్వత్ గడియారం వుంది. రెండున్నర శతాబ్దాలుగా తిరుగుతున్నదని చెబుతారు. వారానికొకసారి దానికి చావి ఇచ్చేది తరతరాలుగా ఒకే కుటుంబమట. "వాళ్లకు జీతమెవరిస్తరు?" అన్నాడు నాన్న. గైడు నవ్వి, నిజాం వారసుల ట్రస్టు అన్నాడు. ఆ ప్రశ్న ఆ రోజంతా వింటామని అప్పుడు మాకు తెలియదు. ఏది చూపించినా, ఎవరు చేశారు, ఏమిచ్చారు? అదే వరస.

చౌమహల్లా అంటే నాలుగు మహళ్ళు. దక్షిణపు ఆవరణలో అఫ్జల్ మహల్, మహతాబ్ మహల్, తహ్నియత్ మహల్, ఆఫ్తాబ్ మహల్, వాటి మధ్య నీళ్ళ హౌజు, తోట. ఉత్తరపు ఆవరణలో పొడుగాటి హౌజుకు ఎదురుగా ఖిల్వత్ ముబారక్, అంటే దర్బారు. కట్టడం మొదలయింది 1750 ప్రాంతంలో, సలాబత్ జంగు కాలంలో. పూర్తిచేసినవాడు 1857 నుంచి 1869దాకా ఏలిన అఫ్జలుద్దౌలా. మొదట నలభై అయిదెకరాల ఆవరణ. ఇప్పుడు మిగిలింది దానిలో మూడో వంతుకూడా లేదు.

కోస్తా పాఠకులకు ఇక్కడొక మాట. ఈ సలాబత్ జంగు మనకు కొత్తవాడు కాడు. 1753లో ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి రాసి ఇచ్చినవాడు ఆయనే. ఆ రాత బలంతోనే బుస్సీ దొర 1757 జనవరిలో బొబ్బిలి కోటమీదికి వెళ్ళాడు. బొబ్బిలి కథ విని కళ్ళు తుడుచుకున్న ప్రతి ఇంటికీ ఈ ఇంటితో అంత చుట్టరికం వుంది. ఆ తర్వాత 1800లో రాయలసీమనూ ఇంగ్లీషువారికి ఇచ్చింది ఈ వంశమే. మేము మిగిలిపోయినవాళ్ళము.

దర్బారులో అడుగుపెడితే మాత్రం, కోపం పెట్టుకుని వెళ్ళినవాళ్ళకైనా నోట మాట రాదు. పాలరాతి నేల. మధ్య తఖ్తె నిషాన్ అనే పాలరాతి గద్దె. పైన పందొమ్మిది బెల్జియం షాండ్లియర్లు, గాజుతో చేసిన చింతచెట్లు తలకిందులుగా వేలాడదీసినట్టు. ఆసఫ్‌జాహీల పట్టాభిషేకాలు, పండుగ దర్బారులు జరిగింది ఇక్కడే. 1970లలో ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్ళి గొర్రెల పెంపకంలో పడ్డారు. ఇక్కడ పైకప్పులు కారి, గచ్చు పెచ్చులూడి, పావురాలు కాపురం పెట్టాయి. ఆయన మొదటి భార్య, టర్కీ ఆడపడుచు ఎస్రా, వెనక్కి వచ్చి, శిల్పి రాహుల్ మెహ్రోత్రాచేత అయిదేళ్ళు మరమ్మతు చేయించి, 2005లో జనానికి తలుపులు తెరిపించారు. 2010లో యునెస్కో పురస్కారం ఆ పనికే వచ్చింది.

గైడు గొంతు ఇక్కడ మారింది. "మేడమ్, ఈ ఝూమర్లు మా దాదా తుడిచినవి" అన్నాడు.

ఆ కుటుంబపు కొలువులో షాండ్లియర్లు తుడవడానికే ముప్పై ఎనిమిదిమంది వుండేవారని చరిత్ర రాసినవాళ్ళు రాశారు. అందులో ఒకడు ఈయన తాతగారట. నిచ్చెన ఎక్కి ఒక్కొక్క బిళ్ళా విప్పి, తుడిచి, వరస తప్పకుండా తిరిగి తగిలించడం. ఒక్క ఝూమరుకు రోజులు పట్టేవట. నెలకు జీతం, ఈదుకు బట్టలు. రాజభరణాలు 1971లో పోయిన తర్వాత కొలువులు కరిగిపోయాయి. ఆ తాత చివరి రోజులలో లాడ్ బజారులో గాజులమ్మి పోయాడట. "గాజు వదల్లేదు, మేడమ్" అని గైడు నవ్వాడు. "నిజాం సర్కారు దిల్ ఉన్న సర్కారు. అప్పుడు ఎవరూ ఉపాసం పండలేదు."

నేను ఊరుకోవలసింది. కాని ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు. "ఎవరూ పండలేదా?" అన్నాను. "నగరం చుట్టూ అత్రాఫె బల్దా అని ఒక జిల్లా వుండేది, తెలుసా? రాజ్యంలో ఇంచుమించు పదో వంతు భూమి సర్ఫేఖాస్. దాని శిస్తు తిన్నగా నిజాం సొంత ఖర్చుకే వచ్చేది. మా వూరు అందులోదే. ఈ గాజంతా ఎవరి సొమ్ము?"

నా గొంతు ఆ పెద్ద హాలులో మరీ పెద్దదై నాకే వినిపించింది. ఎవరో ఒకరిద్దరు తిరిగి చూచారు. గైడు ముఖం వాడిపోయింది. "మేడమ్, నేను చూపించేవాణ్ణి. లెక్కలు నాకు తెల్వదు" అన్నాడు మెల్లగా. మా అబ్బాయి షూ లేసు ముడి సరిచేసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పటిదాకా తలెత్తి షాండ్లియరును చూస్తున్న నాన్న, తల దించకుండానే అన్నాడు: "ఆయన మీద ఎందుకు లేస్తవు బిడ్డా? ఆయన తాత పనిజేసిండు, పైసలు ముట్టినయి. మా నాయిన పనిజేసిండు, ముట్టలే. గంతే ఫరకు." తర్వాత గైడుతో, "ఇది దించకుంటనే తుడుస్తరా? తాడు ఏడికెల్లి వస్తది?" అని అడిగాడు. గైడుకు ప్రాణం లేచివచ్చింది. ఇద్దరూ తాడు సంగతి, బిళ్ళల లెక్క మాట్లాడుకుంటూ అవతలి స్తంభందాకా వెళ్ళారు. నేను తఖ్తె నిషాన్ దగ్గర ఒక్కదాన్నీ నిలబడిపోయాను. ఆ పాలరాతి గద్దె ఎదుట తలవంచుకుని నిలబడినవాళ్ళలో ఆ ఉదయానికి నేనూ ఒకదాన్ని.

మధ్యాహ్నం హౌజు పక్కన నీడలో కూర్చున్నాము. గైడు చాయ్ కోసం వెళ్ళాడు. అప్పుడు చెప్పాడు నాన్న, నాకు సగమే తెలిసిన ఆ సంగతి.

మాది కుమ్మరి ఇల్లు. తాత సారె తిప్పేవాడు. ఊళ్ళోకి అధికారి ఎవరు దిగినా చావడికి కొత్త కుండలు మోయాలి, నీళ్ళు నింపాలి, వంట చేసిపెట్టాలి. దానికి కూలి లేదు. అదే వెట్టి. వెట్టి కూడదని సర్కారు ఆజ్ఞలు వున్నాయి. మాడపాటి హనుమంతరావుగారి వంటివారు వాటి సంగతి అచ్చువేయించి జనానికి చెప్పారు కూడా. మా తాతకు చదువు రాదు. ఒక వేసవిలో గిర్దావరు ఒకడు వచ్చాడు. కుండ ఒకటి నీరు కారింది. కొత్త కుండ మొదటి పూట చెమరుస్తుంది. చెమర్చకపోతే నీళ్ళు చల్లబడవు. ఆ మాట చెప్పబోయినందుకు తాతను ఎండలో వంగబెట్టి వీపుమీద రాయి పెట్టించాడట. పొద్దు తిరిగేదాకా. నాన్నకు అప్పుడు ఎనిమిదేళ్ళు. బడినుంచి వస్తూ చావడి ముందు చూచాడు. చేతిలో ఉర్దూ కాయిదా వుంది.

"తర్వాత ఆ గిర్దావరు గా కుండనే అడిగి నీళ్లు తాగిండు. సల్లగున్నయన్నడు" అన్నాడు నాన్న.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య నాటికి నాన్నకు పదేళ్ళు. మరుసటి ఏడు సర్ఫేఖాస్ సర్కారు భూమిలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. తాత ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. ఆయన నడుము చివరిదాకా తిన్నగా నిలబడలేదని మా నానమ్మ అనేది. అది వయసువల్లనని నేను అనుకునేదాన్ని.

చాయ్ వచ్చింది. నాన్న గ్లాసు పట్టుకుని గైడుకు జాగా ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను ఆయనతో, "పొద్దున తొందరపడ్డాను, ఏమీ అనుకోవద్దు" అన్నాను. "మీరు టీచరు కదా మేడమ్. టీచర్లు మాకు బడిలోనూ గిట్లనే అన్నారు" అన్నాడు. ఇది క్షమించడమో, చురక అంటించడమో నాకు ఇప్పటికీ తేలలేదు.

కార్ల సంగతి చెప్పకపోతే మా అబ్బాయి ఒప్పుకోడు. పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాను తెప్పించమన్నారు, అది తయారయ్యేలోపు 1911లో పోయారు. వెనక సీటు సింహాసనంలాగ ఎత్తుగా వుంటుంది. ముప్పై అయిదేళ్ళలో అది తిరిగింది మొత్తం మూడువందల యాభై ఆరు మైళ్ళని గైడు లెక్క. "మన ఆటో మూడు రోజుల్లో తిరుగుతుంది!" అని మావాడు నోరు తెరిచాడు.

నాన్న కార్ల దగ్గర నిలవలేదు. ఆయన కాలు ఆగింది పింగాణీ గది దగ్గర. అద్దాల బీరువాలలో విందు కంచాలు, గిన్నెలు, కప్పులు, అంచులకు బంగారు గీతలు. అక్కడ అరగంట గడిపాడు. ఆరేళ్ళ వయసులో సారె ముందు కూర్చున్న కళ్ళవి. ప్రతి కంచాన్నీ అద్దానికి ముక్కు ఆనించి చూచాడు. "ఇది సారె మీద తీసింది కాదు, అచ్చుల పోసింది. ఈ గిన్నె మాత్రం సారె మీదదే. సూడు, లోపల ఏలు తిరిగిన జాడ" అని మావాడికి చూపించాడు. నేనూ వంగి చూచాను. నాకు గిన్నే కనిపించింది. వాడు మాత్రం, "అవును తాతా!" అన్నాడు. నిజంగా కనిపించిందో, తాతను సంతోషపెట్టాడో!

"ఇవి చేసినోళ్లకు ఏమిచ్చిండ్రు?" అని అడిగాడు నాన్న.

"ఇవి విలాయత్ నుంచి వచ్చినవి సాబ్. బిల్లు కట్టి తెచ్చారు" అన్నాడు గైడు.

"అయితే ముట్టినయన్న మాట" అన్నాడు నాన్న. ఆ జవాబు ఆయనకు తృప్తినిచ్చినట్టే వుంది.

అయిదు కావస్తుండగా బయటకు వచ్చాము. మాట్లాడుకున్న రుసుము నేను సంచిలోంచి తీయబోతే నాన్న నా చేయి ఆపాడు. తన చొక్కా లోపలి జేబులోంచి పెన్షను డబ్బులు తీసి, ఒక్కొక్క నోటూ లెక్కపెట్టి గైడు చేతిలో పెట్టాడు. పైన రెండు వందలు వేశాడు. గైడు ఆ రెండు వందలూ తిరిగి ఇవ్వబోయాడు. "మాట్లాడుకున్నది ఇంతే సాబ్."

"పొద్దుగూకిందాక తిప్పినవు. మాట్లాడుకున్నది నాలుగు గంటలదాకనే. గంట పని ఊరికె ఎట్ల చేయించుకుంట?" అన్నాడు నాన్న. తర్వాత ఉర్దూలో ఏదో అన్నాడు. గైడు ఆ నోట్లను కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. ఏమన్నావని దారిలో అడిగాను, చెప్పలేదు. ఆ రెండు వాక్యాలూ వాళ్ళిద్దరివే.

తిరిగి వచ్చేసరికి యూనివర్సిటీ రోడ్డులో దీపాలు వెలిగాయి. ఆర్ట్స్ కాలేజీ మీద ఇంకా కొంచెం వెలుతురు వుంది. మెట్లమీద విద్యార్థులు గుంపులుగా కూర్చుని పోటీపరీక్షల పుస్తకాలు చదువుకుంటున్నారు.

"ఇదీ నిజాం కట్టిందేనా తాతా?" అన్నాడు మావాడు.

"కట్టింది వడ్డెరోళ్లురా. రాయి జూడు, ఎంత సాపుగ కొట్టిండ్రో" అన్నాడు నాన్న. కొంచెం ఆగి, "మీ అమ్మ సదివింది ఇండ్లనే" అన్నాడు.

ఇంటికి వచ్చి అన్నాలు తిన్నాము. ఆఫీసులో పని ముగించుకుని వచ్చిన మా వారు, "ఎలా వుంది మామా ప్యాలెసు?" అని అడిగారు. నాన్న బాల్కనీలో మట్టికుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని, తీరికగా తాగి, జవాబు చెప్పాడు.

"మంచిగుంది. కని గా కంచాల మీద ఒక్క గీత లేదు అల్లుడా. ఎవరు దిననట్టే ఉన్నయి." చెంబు బోర్లించి నావైపు తిరిగాడు. "గడియారానికి చావి ఏ వారం ఇస్తరో ఆయనకు ఫోన్ జేసి అడుగు బిడ్డా. గా దినం మళ్ల పోదాం."